పేట బడా, లాటరీ బడా? వాషింగ్టన్‌లో ఏది మేలు?

వర్జీనియా శివార్లలో మనవాళ్లు ఇల్లు కొనేముందే బడి గురించి ఆరా తీస్తారు. అక్కడ చాలావరకు చిరునామాయే బడిని నిర్ణయిస్తుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో కాపురముంటే మాత్రం రెండు దారులున్నాయి. ఇంటి పరిధిలోని, అంటే మీ చిరునామాకు కేటాయించిన, మిడిల్ స్కూలులో ఆరో తరగతి సీటు హక్కుగా దొరుకుతుంది. అది వద్దనుకుంటే 'మై స్కూల్ డీసీ' లాటరీలో 12 బడుల వరకు ఇష్టప్రకారం వరుసగా రాసి, పరిధి బయటి బడిలోనో చార్టర్ బడిలోనో (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే బడి) సీటుకు ప్రయత్నించవచ్చు.

లాటరీ అనగానే చాలామంది చూపు ఆలిస్ డీల్ మిడిల్ స్కూలు మీద పడుతుంది. పేరున్న బడి, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) పాఠ్యక్రమం, పక్కనే టెన్లీటౌన్ మెట్రో స్టేషన్. కానీ పరిధిలోని పిల్లలతోనే అది కిక్కిరిసి ఉంటుంది. ఆరో తరగతిలో లాటరీ ద్వారా అక్కడ సీటు రావడం దాదాపు అసాధ్యం. పరిధి బయటి పిల్లల్లో ఎక్కువమంది చిన్నప్పుడే డీల్‌కు నేరుగా పిల్లల్ని పంపే ఫీడర్ ప్రాథమిక బడుల్లో చేరి, ఆ హక్కుతో పైకి వచ్చినవారే. కాబట్టి ఆ దారి పట్టదలచినవారు అయిదో తరగతి దాకా ఆగకూడదు.

హార్డీ మిడిల్ స్కూలు కథ వేరు. నగరంలోని సంపన్న ప్రాంతం జార్జ్‌టౌన్ పక్కనున్న ఈ బడిని చుట్టుపక్కల సంపన్న కుటుంబాలు ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. ప్రైవేటు బడులకు వెళ్లిపోయారు. ఆ సీట్లను నింపింది నగరం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు, ఎక్కువగా నల్లజాతి పిల్లలు. కళలకు, సంగీతానికి అక్కడ మంచి పేరు వచ్చిందీ వాళ్లు చదివిన రోజుల్లోనే. పేట కుటుంబాలను రప్పించాలన్న ఆలోచనతో అప్పటి నగర ప్రభుత్వ బడుల అధిపతి (ఛాన్సలర్) మిషెల్ రీ 2010లో ప్రిన్సిపాల్ ప్యాట్రిక్ పోప్‌ను తప్పించారు. తల్లిదండ్రులు మండిపడ్డారు. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ ఆ విద్యా సంవత్సరం ముగియకముందే మారారు. బడిని నిలబెట్టినవారినే అడ్డుగా చూడడం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. ఆ తర్వాతి ఏళ్లలో పేట పిల్లలు పెరిగారు. అది మంచిదే, కానీ పేట పిల్లలు చేరేకొద్దీ బయటివారికి మిగిలే సీట్లు తగ్గుతాయి. ఆ కొన్నింటినైనా కాపాడాలి.

ప్రయాణాన్ని తేలికగా తీసుకోకండి. నగరంలో అందరికీ బడి బస్సు ఉండదు. మెట్రో, బస్సు ప్రయాణం విద్యార్థులకు ఉచితమే అయినా, హార్డీ దగ్గర మెట్రో స్టేషన్ లేదు. నగరం తూర్పున అనకోస్టియా నది అవతల నుంచి వచ్చే పదకొండేళ్ల పిల్ల తెల్లవారుజామునే లేవాలి, సాయంత్రం వాద్యబృందం సాధన అయ్యాక చీకట్లో ఇల్లు చేరాలి. పరిధిలో ఉన్న పిల్లకు ఆ బాధ లేదు, స్నేహితులూ నడక దూరంలోనే ఉంటారు. హైస్కూలూ చూసుకోవాలి: డీల్ పిల్లలు జాక్సన్-రీడ్ హైస్కూలుకు వెళ్తే, హార్డీ పిల్లలకు ఇప్పుడు 2023లో తెరిచిన మెకార్థర్ హైస్కూలు ఉంది.

హార్డీ పరిధిలో ఇల్లున్నవారికి నా సలహా ఒకటే: హార్డీలోనే చేర్చండి. ఇంటి దగ్గరి బడి బలహీనంగా ఉండి, పిల్లకు కావలసిన లెక్కల తరగతో సంగీతమో అక్కడ లేకపోతే మాత్రం లాటరీ రాయండి. రాసినంత మాత్రాన పరిధి సీటు పోదు. గడువు సాధారణంగా మార్చి మొదట్లో ముగుస్తుంది, ఆలోపే పరిధిలోని బడికీ, లాటరీలో రాయాలనుకున్న బడికీ వెళ్లి తరగతులు చూసి రండి.