ముక్తినాథ్ ‘అధ్యయన యాత్ర’ ప్యాకేజీ కొంటున్నారా? అడ్వాన్సు కట్టేముందు ఇవి చూసుకోండి

నేపాల్ క్షేత్రాల యాత్రను ఇప్పుడు ‘అధ్యయన యాత్ర’ అని పేరు మార్చి, మామూలు ప్యాకేజీ కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఎనిమిది రోజుల్లో ఖాట్మండు, పోఖరా, ముక్తినాథ్, లుంబినీ చూపిస్తామంటారు. వెంట చరిత్ర, బౌద్ధం, వైష్ణవం తెలిసిన పండితుడు ఉంటాడని కరపత్రంలో రాస్తారు. ఈమధ్య అలాంటి ప్యాకేజీలో వెళ్లిన ఒక బృందానికి పండితుడు కనిపించలేదు. ముక్తినాథ్‌కు దగ్గర్లోని జోమ్‌సోమ్‌కు వెళ్లే విమానం రద్దయితే జీపు డబ్బులు మళ్లీ కట్టించారు. కొండెక్కిన మొదటి రాత్రే 3,700 మీటర్ల ఎత్తులో పడుకోబెడితే పెద్దవాళ్లు తలనొప్పితో, వాంతులతో తెల్లార్లూ అవస్థ పడ్డారు. లుంబినీకి చేర్చేసరికి చీకటి పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇవే మాటలున్న ఐటినరీ చాలా పేర్లతో తిరుగుతోంది కాబట్టి పేరు కంటే లోపాలు గుర్తుపట్టడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అసలు తేడా ఎక్కడొస్తుందంటే, మీకు ప్యాకేజీ అమ్మినవాళ్లు నేపాల్‌లో దాన్ని నడపరు. అక్కడి ఆపరేటర్‌కు తలకింత అని అప్పజెబుతారు. అతను హోటలు, బస్సు, జీపు విడివిడిగా మాట్లాడుకుంటాడు. ఈ చేతులు మారడంలో గదులు, బండ్లు, భోజనం ఎలాగోలా మిగులుతాయి, ఎందుకంటే అవి లేకపోతే యాత్రే ఆగిపోతుంది. పాఠం చెప్పే మనిషి మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండడు. అందుకే మొదటి ప్రశ్న: నేపాల్‌లో యాత్ర నడిపే సంస్థ పేరేమిటి, అక్కడి పర్యాటక శాఖలో దాని రిజిస్ట్రేషన్ ఉందా? పేరు చెప్పకుండా ‘అక్కడ మా వాళ్లే ఉన్నారు’ అంటే అక్కడితో ఆపేయండి.

ఇక ఎత్తు సంగతి. మిగతావాటితో డబ్బు పోతుంది, దీంతో ప్రాణం మీదికి వస్తుంది. పోఖరా ఎత్తు సుమారు 820 మీటర్లు. జోమ్‌సోమ్ 2,700 పైచిలుకు, కాగబేని 2,800, ముక్తినాథ్ కింద బస చేసే రాణిపౌవా 3,700. ఆ ఎత్తులో గాలి పీడనం తగ్గి, ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. శరీరం దానికి అలవాటు పడాలంటే రాత్రుళ్లు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదన్నది పర్వత వైద్యులు చెప్పే సూత్రం. చౌక ఐటినరీలో మాత్రం పొద్దున పోఖరా, రాత్రి రాణిపౌవా. ఒక్క రోజులో దాదాపు 2,900 మీటర్లు!

దీన్లో ఉన్న మోసం ఏమిటంటే, లక్షణాలు వెంటనే కనిపించవు. చాలామందికి ఎత్తుకు చేరిన 6 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతాయి. మధ్యాహ్నం దర్శనం చేసుకుని అందరూ హుషారుగా ఫొటోలు దిగుతారు. అర్ధరాత్రికి తల పగిలిపోతుంటుంది, ఆకలి ఉండదు, కడుపులో తిప్పుతుంది. అప్పుడు డ్రైవరు ఎక్కడో నిద్రపోతుంటాడు. గైడు ‘ప్రయాణం బడలిక, పొద్దున తగ్గుతుంది’ అంటాడు. ఆ మాట నమ్మకండి. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు నాలుగడుగులు వేయమనండి. తూలిపోతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతున్నా తెల్లవారే దాకా ఆగకూడదు, వెంటనే కిందికి దింపాలి. ఆక్సిజన్ సిలిండర్ ఉందని బ్రోచర్‌లో రాస్తారు. అది కిందికి దించేలోపు ఆదుకుంటుందే తప్ప, దించడానికి బదులు కాదు. రాత్రి బస చేసేచోట ఒక బండి, డ్రైవరు అందుబాటులో ఉంటారని రాతపూర్వకంగా తీసుకోండి. ఎత్తు వల్ల వచ్చే ఈ బాధ రాకుండా వాడే డయామాక్స్ మాత్ర కొందరికి ఉపయోగపడుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచే వాడమంటారు. కానీ సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. బస్సులో గైడు పంచితే అసలే వద్దు.

సరైన ప్లాను కష్టమేమీ కాదు. ఒక రాత్రి జోమ్‌సోమ్‌లోనో మార్ఫాలోనో, ఒక రాత్రి కాగబేనిలో ఉండి, పొద్దున్నే ముక్తినాథ్ వెళ్లి సాయంత్రానికి కిందికి దిగిపోవాలి. ‘ఒక రోజు వృథా’ అని అమ్మేవాళ్లు ఒప్పుకోరు. అధ్యయన యాత్ర అన్న పేరుకు నిజంగా తగిన చోటు కాగబేనే. కాళీగండకి ఒడ్డున హిందువులు పితృకార్యాలు చేసేది అక్కడే, ఎర్రమట్టి గోడల పాత బౌద్ధ విహారం ఉన్నదీ అక్కడే. రెండు సంప్రదాయాలు ఒకే ఊళ్లో పక్కపక్కన ఎలా బతుకుతాయో కళ్లారా చూడొచ్చు. దాన్ని టీ తాగే స్టాపుగా పెట్టిన ఐటినరీని తయారుచేసినవాళ్లకు యాత్రా తెలియదు, చదువూ తెలియదు.

హెలికాప్టర్ అయితే పెద్దవాళ్లకు సుఖమని చెబుతారు. పోఖరా నుంచి నేరుగా ఎత్తుకు తీసుకెళ్తుంది, అక్కడ ఉండనిచ్చేది కొద్దిసేపే. దర్శనానికి సరిపోతుందేమో, అధ్యయనం పేరుతో ధర పెంచడం మాత్రం అన్యాయం.

విమానం గురించి. జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలు పొద్దున పూటే తిరుగుతాయి. ఒక పక్క ధవళగిరి, ఇంకో పక్క అన్నపూర్ణ, రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు. వాటి మధ్య కాళీగండకి లోయ. ఎండెక్కేకొద్దీ పైన ముస్తాంగ్ పీఠభూమి వేడెక్కి కింది గాలిని లోయ గుండా లాగుతుంది. మధ్యాహ్నానికి ఆ గాలి విమానం దిగనివ్వదు. పొద్దున పోఖరాలో పొగమంచు పట్టిందంటే ఆ రోజు అయిపోయినట్టే. కాబట్టి రద్దు కావడం అనుకోని సంఘటన కాదు, అమ్మేవాళ్లందరికీ ముందే తెలిసిన సంగతి. అయినా చాలా ఒప్పందాల్లో ‘వాతావరణం వల్ల అయ్యే అదనపు ఖర్చు యాత్రికులదే’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఎయిర్‌లైన్ తానే రద్దు చేస్తే టికెట్ డబ్బు వాపసు ఇస్తుంది, కానీ అది ఆపరేటర్ ఖాతాలోకి వెళ్తుంది. మీరేమో జీపుకు కొత్తగా కడతారు. ఒప్పందంలో ఇలా రాయించుకోండి: విమానం రద్దయితే టికెట్ వాపసును జీపు ఖర్చులో సర్దుబాటు చేస్తారు, మిగిలింది తిరిగిస్తారు, ప్లానులో ఒక ఖాళీ రోజు ఉంటుంది. రోడ్డున పోఖరా నుంచి జోమ్‌సోమ్ సుమారు 160 కిలోమీటర్లే అయినా దాదాపు రోజంతా పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దారిలోని బేని ఊరు దాటాక కొండచరియలు విరిగి గంటల తరబడి ఆగిపోవడం మామూలే. ఆ నెలల్లో డిస్కౌంట్ ఇస్తున్నారంటే కారణం అదే.

ధరల్లో ఇంకో మెలిక ఉంది. ‘పర్మిట్ 1,000 రూపాయలు’ అంటే ఏ రూపాయలు? ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఈ మారకం స్థిరంగా ఉంటుంది. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ సార్క్ దేశాలవాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు, అంటే మన డబ్బులో 625. ఇతర విదేశీయులకు 3,000. కొందరు మన దగ్గర మన కరెన్సీలో వెయ్యి తీసుకుంటారు, ఇంకొందరు ఏకంగా విదేశీయుల రేటు వేస్తారు. పశుపతినాథ్‌లో విదేశీయులకు టికెట్ ఉంటుంది, భారతీయులకు లేదు. ‘మాన్యుమెంట్ ఫీజులు’ అని గంపగుత్తగా రాసి అదీ కలిపేస్తారు. నేపాల్ లోపల తిరిగే విమానాల్లో భారతీయులకు విడిగా తక్కువ ధర ఉంటుంది, డాలర్ రేటు కాదు. ప్రతి ఫీజూ విడిగా, ఏ కరెన్సీలోనో రాసి ఇమ్మనండి. రసీదులు కూడా అడగండి.

ఇప్పుడు పండితుడి విషయం. భోజనం గురించి పది ప్రశ్నలు అడిగే మనవాళ్లు గైడు గురించి ఒక్కటీ అడగరు. నేపాల్‌లో టూర్ గైడు లైసెన్సు వేరు, ట్రెకింగ్ గైడు లైసెన్సు వేరు. దారి చూపడం వచ్చినవాడికి శాసనం చదివి చెప్పడం రావాలని లేదు. ఇక్కడినుంచి వెంట వచ్చే టూర్ మేనేజర్‌కు ఏ లైసెన్సూ ఉండకపోవచ్చు. వచ్చే మనిషి పేరు, లైసెన్సు రకం, ఏ భాషలో చెబుతాడో ముందే రాతలో కావాలి. వీలైతే ఫోన్లో మాట్లాడి రెండు ప్రశ్నలు వేయండి. ముక్తినాథ్‌లో ఎవరెవరు సేవ చేస్తారు? వైష్ణవుల నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ఆ గుడిలో బౌద్ధ సన్యాసినులు కూడా సేవలో ఉంటారని, అదే మూర్తిని బౌద్ధులు కరుణకు ప్రతీకైన బోధిసత్త్వుడు అవలోకితేశ్వరుడిగా కొలుస్తారని తెలిసినవాడు వెంటనే చెబుతాడు. లుంబినీ స్తంభం మీద ఏముంది? బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో, అశోకుడు పట్టాభిషిక్తుడైన ఇరవై ఏళ్లకు స్వయంగా వచ్చాడని, బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కాబట్టి ఆ ఊరికి పన్ను తగ్గించాడని ఉంది. ‘స్తంభం చాలా పాతది’ అని ఊరుకుంటే ఆయన డ్రైవరు పక్క సీట్లో కూర్చోడానికి వస్తున్నాడని అర్థం.

ఐటినరీలో ‘ఉపన్యాసం’, ‘వర్క్‌షాప్’ అని ఉన్నవి ఎక్కడ జరుగుతాయో అడగండి. ‘తంకా (గుడ్డ మీద వేసే బౌద్ధ చిత్రం) చిత్రకళా పాఠశాల సందర్శన’, ‘సింగింగ్ బౌల్ (మోగే లోహపు గిన్నె) చికిత్స ప్రదర్శన’, ‘రుద్రాక్ష పరిశోధనా కేంద్రం’ అన్నవి ఎక్కువగా దుకాణాలే. పావుగంట వివరణ, ముప్పావుగంట బేరం. గైడుకు కమీషన్ ముడుతుంది. సాలగ్రామాలు కూడా అంతే. కాళీగండకిలో దొరికేవి కోట్ల ఏళ్లనాటి సముద్రజీవుల శిలాజాలు. పోత పోసినవి, యంత్రంతో చక్రాలు చెక్కినవి కూడా అవే బల్లల మీద అమ్ముతారు. గైడు ‘ఇక్కడే కొనండి’ అన్నచోట కొనకండి.

నిజంగా చదువు చెప్పే యాత్రలో ఖాట్మండు లోయలోని చాంగునారాయణ్ గుడి ఉంటుంది. పాతకాలంలో నేపాల్‌ను ఏలిన లిచ్ఛవి వంశపు రాజు మానదేవుడు క్రీ.శ. 464లో వేయించిన శాసనం ఆ గుడి ప్రాంగణంలోనే ఉంది, నేపాల్ శాసనాల్లో అతి ప్రాచీనమైన వాటిలో అది ఒకటి. స్వయంభూ స్తూపం దగ్గర చిన్న హారతీ గుడి ముందు కాసేపు నిలబెడతారు. పిల్లల క్షేమం కోసం హిందువులూ బౌద్ధులూ అదే తల్లికి మొక్కుతారు. ముక్తినాథ్‌లో నూటెనిమిది ధారల కింద పరుగెత్తించి వెనక్కి తీసుకురాకుండా, పక్కనున్న జ్వాలామాయి గోంపాకు (బౌద్ధ మఠానికి) కూడా తీసుకెళ్తారు. లోపల చీకట్లో వంగి, జాలీ వెనక్కి చూడాలి. నేల లోపలి సహజవాయువుతో వెలిగే చిన్న నీలి మంట, దాని పక్కనే పారే నీటి చప్పుడు. మంటా నీరూ ఒకేచోట ఉండటం వల్లే ఈ స్థలం రెండు మతాలకూ పవిత్రమైంది. దీన్ని వదిలేసిన ప్యాకేజీలే ఎక్కువ. ధారల స్నానం గురించి ఒక మాట: ఆ నీళ్లు మంచులా ఉంటాయి. గుండె జబ్బున్నవాళ్లు, బాగా పెద్దవాళ్లు తల మీద చల్లుకుంటే చాలు.

లుంబినీకి పోఖరా నుంచి ఘాట్ రోడ్డున దాదాపు రోజంతా పడుతుంది. అదే రోజు లుంబినీ దర్శనం కూడా అని రాస్తే మాయాదేవి మందిరం మూసేవేళకు చేరతారు. మర్నాటి ఉదయం పూర్తిగా లుంబినీకి లేకపోతే ఒప్పుకోవద్దు.

గుర్తింపు కాగితాల సంగతి క్లుప్తంగా. విమానంలో నేపాల్ వెళ్లాలంటే పాస్‌పోర్టు లేదా ఒరిజినల్ ఓటరు కార్డు కావాలి. 15 ఏళ్లలోపు, 65 ఏళ్లు దాటినవాళ్లకు సడలింపు ఉంది. మధ్య వయసువాళ్లు ఆధార్ ఒక్కటే పట్టుకుని వెళ్తే ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతారు. ‘ఆధార్ చాలు’ అని చెప్పిన ఏజెంటు డబ్బు తిరిగివ్వడు.

ఇన్సూరెన్సు విదేశీ ప్రయాణానిది కావాలి. పాలసీలో ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టర్ తరలింపు ఉందో లేదో చదవండి. అవసరం లేకున్నా హెలికాప్టర్ పిలిపించి, ఒకే ప్రయాణానికి పలువురి బీమా నుంచి బిల్లులు వసూలు చేసే దందాను నేపాల్ ప్రభుత్వ విచారణే 2018లో బయటపెట్టింది. స్పృహలో ఉన్న రోగి విషయంలో ముందు బీమా కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్, ఆ తర్వాతే హెలికాప్టర్.

డబ్బు కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి, ఎవరి సొంత యూపీఐ నంబరుకీ వద్దు. జీఎస్టీ బిల్లు తీసుకోండి. టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ అమ్మేవాళ్లు మీ దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) అని వసూలు చేస్తే అది మీ పాన్ మీద జమ అయిందో లేదో చూసుకోండి, కాకపోతే ఆ డబ్బు వాళ్ల జేబులోనే ఉన్నట్టు. అక్కడ ఇబ్బంది వస్తే నేపాల్ టూరిస్ట్ పోలీస్ నంబరు 1144. వాట్సాప్ సందేశాలు, ఐటినరీ, రద్దయిన విమానం తాలూకు మెసేజ్, అదనంగా కట్టిన జీపు రసీదు దాచుకోండి. తిరిగొచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. దారికి రాకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఎక్కడుందో అక్కడికి వెళ్లక్కర్లేదు. గడువు రెండేళ్లు.