సర్వసమాన త్రిభుజాల పాఠానికి జియోజెబ్రా

మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన జియోజెబ్రా, త్రిభుజాల అధ్యాయం బోధించే ప్రతి ఉపాధ్యాయునికీ నేను నిస్సంకోచంగా సిఫారసు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. రెండు త్రిభుజాలు సర్వసమానాలని చెప్పే భు.కో.భు. (భుజం-కోణం-భుజం) నియమంలో కోణం ఆ రెండు భుజాల మధ్యనే ఎందుకు ఉండాలో నల్లబల్లపై గీసిన ఒక్క పటంతో చూపడం కష్టం. జియోజెబ్రాలో 8 యూనిట్ల రేఖాఖండం గీసి, దాని ఒక కొన వద్ద 30 డిగ్రీల కోణంతో కిరణాన్నీ, రెండో కొన కేంద్రంగా 5 యూనిట్ల వ్యాసార్థంతో వృత్తాన్నీ గీస్తే, ఆ వృత్తం కిరణాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది. అవే కొలతలతో రెండు వేర్వేరు త్రిభుజాలు వస్తాయి. మూడో భుజం ఒకదానిలో దాదాపు 3.93, మరొకదానిలో 9.93 యూనిట్లు. స్లైడర్‌తో వ్యాసార్థాన్ని 4కు తగ్గించగానే వృత్తం కిరణాన్ని ఒకే బిందువు వద్ద స్పర్శించి, లంబకోణ త్రిభుజం ఒక్కటే మిగులుతుంది. భుజాల మధ్య లేని కోణంతో ఒకసారి రెండు త్రిభుజాలు, మరోసారి ఒకటే ఎందుకు వస్తాయో విద్యార్థి అక్కడే పసిగడతాడు, నా దృష్టిలో ఈ సాధనం అసలు విలువ ఇదే.

అయితే తెరపై కొలతలు సమానంగా కనిపించడం నిరూపణ కాదు. దశాంశ స్థానాలను సవరించిన విలువలనే అది చూపుతుంది కాబట్టి, పటం చూసిన వెంటనే నోటుపుస్తకంలో కారణాలతో సహా నిరూపణ రాయించడం తప్పనిసరి.