పబ్లిషరా, సొంత ప్రచురణా: గొడవయ్యే పుస్తకానికి ఏది మేలు?

ఫ్యాక్షన్ మీదో, కులం మీదో రాసినవాళ్లు అనంతపురంలో నన్ను పదేపదే అడిగేది ఇదే: “పబ్లిషర్ కొన్ని పేజీలు తీసేయమంటున్నాడు, సొంతంగా వేసుకుంటే పోదా?”

ఖర్చు, అమ్మకం, అటక మీద మిగిలే కట్టల సంగతి అందరికీ తెలిసిందే. పేజీల కోత కూడా నా లెక్కలో పెద్ద విషయం కాదు. అచ్చుకు ముందు బేరమాడొచ్చు, కుదరకపోతే రాతప్రతి వెనక్కి తెచ్చుకోవచ్చు. పుస్తకం బయటికొచ్చాక గొడవైతే దాన్ని ఆపేసే హక్కు ఎవరి చేతిలో ఉంటుంది? నేను చూసేది అదే. 2014లో అమెరికన్ పండితురాలు వెండీ డోనిగర్ హిందువుల గురించి రాసిన పుస్తకాన్ని పెంగ్విన్ ఇండియా, కేసు వేసినవాళ్లతో రాజీపడి వెనక్కి తీసుకుంది. కోర్టు నిషేధించలేదు, ప్రభుత్వమూ నిషేధించలేదు. అంత పెద్ద సంస్థే వెనక్కి తగ్గితే మన దగ్గర 500 కాపీలు వేసే పబ్లిషర్‌ని ఏమనగలం? (డోనిగర్ కూడా తప్పు సంస్థది కాదు, చట్టానిదే అన్నారు.)

సొంతంగా వేస్తే ఆ నిర్ణయం మీదే. నోటీసూ మీకే, గడప తొక్కే పెద్దమనుషులూ మీ ఇంటికే. అయితే పబ్లిషర్ ఉంటే ఇది తప్పుతుందనుకోవద్దు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్‌కి పబ్లిషర్ ఉన్నా, నవల మీద గొడవై 2015లో అధికారుల ముందు రాజీ పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది ఆయనే. ఆ రాజీకి కట్టుబడక్కర్లేదని మద్రాసు హైకోర్టు చెప్పేసరికి 2016 వచ్చింది. మన జిల్లాకు మాత్రం ఇది కొత్తా? యుద్ధం ఆర్థిక ప్రభావం మీద పుస్తకం రాసినందుకు తరిమెల నాగిరెడ్డిని 1940లోనే జైల్లో పెట్టారు.

ప్రభుత్వమే జప్తు చేస్తే రెండు దారులకూ తేడా లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 98వ సెక్షన్ కింద కాపీలన్నీ పోతాయి, 2 నెలల్లోపు హైకోర్టుకెక్కాలి.

ఈ-బుక్ అంటారా, యాప్ వాళ్లు తలచుకుంటే రాత్రికి రాత్రే మాయం.

నా ఓటు సొంతానికే. ప్రెస్‌కి ఇచ్చే ముందు మాత్రం ఓ లాయరు చేత చదివించండి. బూతుల కోసం కాదు. ఊరు, ఇంటిపేరు, వృత్తి కలిపి చూస్తే బతికున్న ఫలానా మనిషేనని పోల్చుకునేలా ఉందా అని. పరువునష్టం కేసులు పుట్టేది అక్కడే.

పబ్లిషర్‌కే ఇస్తానంటే, రచయిత రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పుస్తకం ఆపకూడదనీ, ఆపితే హక్కులూ మిగిలిన కాపీలూ రచయితకే అనీ ఒప్పందంలో రాయించుకోండి. దానికి సంతకం పెట్టే పబ్లిషర్ దొరికితే, నాలుగు పేజీలు పోయినా ఆయనకే ఇచ్చేయండి.