లినక్స్ వాచ్‌డాగ్ ప్రీటైమౌట్: చాలాకాలం వాడిన తర్వాత ఒక సమీక్ష

హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ అనే టైమర్, నిర్ణీత గడువులోగా సాఫ్ట్‌వేర్ నుంచి పింగ్ (బతికే ఉన్నానన్న సంకేతం) అందకపోతే బోర్డును రీసెట్ చేస్తుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. యంత్రం తిరిగి లేస్తుంది, సేవలు మళ్ళీ నడుస్తాయి, కానీ లాగ్‌లో చివరి మామూలు సందేశానికీ కొత్త బూట్ మొదటి వరుసకీ మధ్య ఖాళీయే మిగులుతుంది. ఆ ఖాళీలో ఏదైనా రాయించుకునే అవకాశం ప్రీటైమౌట్ ఇస్తుంది. అసలు గడువుకు కొన్ని సెకన్ల ముందు టైమర్ ప్రాసెసర్‌కు ఒక ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపించే సంకేతం) పంపుతుంది, ఆ కొద్ది వ్యవధిలో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) తన స్థితిని ఎక్కడో ఒకచోట భద్రపరచుకోవచ్చు. దీనిని మేము ఏళ్ళ తరబడి రెండు చోట్ల వాడుతున్నాం: ఐ.ఎంఎక్స్6 ప్రాసెసర్‌తో ఫీల్డ్‌లో నడిచే గేట్‌వే బోర్డుల మీద, బిల్డ్‌లు నడిపే, ఐపీఎంఐ (హార్డ్‌వేర్‌ను పర్యవేక్షించే ప్రమాణం) ఉన్న సర్వర్ల మీద. యంత్రాన్ని బతికించుకోవడానికి దీనిని పెట్టుకునేవారికి నిరాశ తప్పదు. ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవడానికి పెట్టుకునేవారికి మాత్రం, కొంత శ్రమపడితే, ఇంతకంటే చవకైన సాధనం దొరకదని నా అభిప్రాయం.

ప్రీటైమౌట్‌కు సంబంధించిన ఐఓసీటీఎల్‌లు (పరికరానికి ప్రోగ్రామ్ పంపే ఆదేశాలు) కెర్నెల్‌లో అంతకుముందు నుంచే ఉన్నా, ఐపీఎంఐ వంటి కొన్ని డ్రైవర్లు మాత్రమే వాటిని ఎవరి పద్ధతిలో అవి వాడుకునేవి. 2016 చివర్లో విడుదలైన కెర్నెల్ 4.9తో ఈ పని వాచ్‌డాగ్ కోర్‌లోకి, అంటే వాచ్‌డాగ్ డ్రైవర్లు పంచుకునే ఉమ్మడి కోడ్‌లోకి, వచ్చింది. డ్రైవర్ తన ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి కోర్‌కు కబురు చేస్తే సరిపోతుంది, తర్వాత ఏం చేయాలన్నది గవర్నర్ నిర్ణయిస్తుంది. గవర్నర్లు రెండే: నోఆప్ ఒక వరుస హెచ్చరికను లాగ్‌లో రాసి ఊరుకుంటుంది, పానిక్ వెంటనే కెర్నెల్‌ను పానిక్‌లోకి, అంటే ఇక కొనసాగలేనని అన్నీ ఆపేసే స్థితిలోకి, నెడుతుంది.

అమర్చుకోవడంలో తొలి చికాకు సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ సెట్టింగులను ఫైళ్ళుగా చూపే చోటు) దగ్గరే ఎదురవుతుంది. గవర్నర్ పేరును అక్కడి ఫైలులో రాసి మార్చుకోవచ్చు గాని, ప్రీటైమౌట్ ఎన్ని సెకన్లో చూపే ఫైలు చదవడానికే పనికివస్తుంది. విలువ మార్చాలంటే పరికరాన్ని తెరిచి ఐఓసీటీఎల్ పంపాలి, లేదా డబ్ల్యూడీసీటీఎల్ అనే ఆదేశం వాడాలి. సేవలను నడిపే సిస్టమ్‌డీ అప్పటికే పరికరాన్ని తెరిచి పట్టుకుని ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. 2022లో వచ్చిన సిస్టమ్‌డీ 251 నుంచి ప్రీటైమౌట్‌కూ గవర్నర్‌కూ దాని కాన్ఫిగరేషన్‌లోనే వేర్వేరు సెట్టింగులు ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ ఇబ్బంది ఉండదు. ఐ.ఎంఎక్స్ డ్రైవర్ విషయంలో మరొక మెలిక ఉంది: డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను వివరించే ఫైలు) వాచ్‌డాగ్ నోడ్‌కు ఇంటరప్ట్ లైను రాసి ఉంటేనే అది తనకు ప్రీటైమౌట్ ఉందని ప్రకటిస్తుంది. బోర్డు సరఫరాదారు ఇచ్చిన డివైస్ ట్రీలో ఆ వరుస ఎగిరిపోయి ఉంటే, ఏ దోష సందేశమూ లేకుండా సదుపాయమే కనిపించదు.

ఇంతకంటే ప్రమాదకరమైన నిశ్శబ్దం ఇంకొకటి ఉంది. ప్రీటైమౌట్ విలువను ఇప్పటి నుంచి ఎన్ని సెకన్లకు అని కాక, అసలు గడువుకు ఎన్ని సెకన్ల ముందు అని లెక్కించాలి. అసలు గడువును తర్వాత ఎవరైనా తగ్గించి, అది ప్రీటైమౌట్‌తో సమానమైనా అంతకంటే చిన్నదైనా, గడువు మార్పును డ్రైవర్ తానే చేపట్టని చోట వాచ్‌డాగ్ కోర్ ప్రీటైమౌట్‌ను సున్నా చేసేస్తుంది. దీనిలో తర్కం లేకపోలేదు, కానీ గడువు మార్చిన ప్రోగ్రామ్‌కు విజయవంతమైందనే జవాబు అందుతుంది, హెచ్చరిక మాత్రం ఆగిపోతుంది. అందువల్ల ఏ క్రమంలో అమర్చినా చివర్లో విలువను తిరిగి చదివి చూడడం మంచిది.

పానిక్ గవర్నర్‌ను ఎంచుకున్నవారు గడువు లెక్కను మళ్ళీ వేసుకోవాలి. గడువు 60 సెకన్లు, ప్రీటైమౌట్ 15 సెకన్లు అయితే, 45వ సెకనులో పానిక్ వచ్చాక ఇక వెనక్కి వచ్చే దారి లేదు. 50వ సెకనులో డెమన్ (పింగ్ చేసే నేపథ్య ప్రోగ్రామ్) తేరుకుని పింగ్ చేయగలిగి ఉండేదే అయినా ఆ అవకాశం దానికి దక్కదు. అంటే ఆచరణలో గడువు 45 సెకన్లకు కుదించుకున్నట్టే. నోఆప్‌తో ఈ సమస్య లేదు గాని, అది రాసే ఒక్క వరుస వల్ల ప్రయోజనం అంతంతమాత్రమే, ఎందుకంటే ఆ వరుస డిస్కుకు చేరేలోపే రీసెట్ జరిగిపోవచ్చు. ఫీల్డ్ బోర్డులకు పానిక్, ల్యాబ్‌లో సీరియల్ కేబుల్ తగిలించి ఉన్న బోర్డులకు నోఆప్ అన్నదే చివరికి మేము పాటిస్తున్న పద్ధతి.

పానిక్ రాగానే కారణం చేతికి వస్తుందని ఆశించేవారికి మొదటి స్టాక్ ట్రేస్ (ఆ క్షణంలో నడుస్తున్న ఫంక్షన్ల వరుస) చల్లటి నీళ్ళు చల్లుతుంది. ప్రీటైమౌట్ ఇంటరప్ట్ వచ్చిన ప్రాసెసర్ కోర్ ఆ క్షణంలో ఏం చేస్తోందో అదే ఆ ట్రేస్‌లో ఉంటుంది. చాలాసార్లు అది ఖాళీగా ఉన్న కోర్, ట్రేస్‌లో ఐడిల్ లూప్ తప్ప ఏమీ కనబడదు. పింగ్ చేయవలసిన ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో తెలియాలంటే పానిక్ ప్రింట్ అనే బూట్ పరామితితో అన్ని టాస్కుల స్థితినీ రాయించాలి. విలువ 1 ఇస్తే మొత్తం టాస్కుల పట్టిక, 64 ఇస్తే అన్ని కోర్‌ల స్టాక్‌లు వస్తాయి. కొత్త కెర్నెళ్ళలో 128 ఇస్తే డి స్థితిలో (డిస్కు వంటి పరికరం జవాబు కోసం, మధ్యలో ఆపలేని నిరీక్షణలో) చిక్కుకున్న టాస్కులు మాత్రమే వస్తాయి, మన అవసరానికి సరిగ్గా అదే చాలు.

ఆ పట్టికను భద్రపరచడం మరొక కథ. మా బోర్డుల్లో రామ్‌ఊప్స్ వాడతాం: కొంత ర్యామ్‌ను పక్కన పెట్టి, పానిక్ సమయంలో లాగ్‌ను అక్కడ రాసి, తర్వాతి బూట్‌లో పీస్టోర్ (రీసెట్ తర్వాత కూడా పాత లాగ్‌ను చూపే కెర్నెల్ సదుపాయం) ద్వారా చదువుకోవడం. పీస్టోర్ డిఫాల్ట్‌గా లాగ్ చివరి 10240 బైట్లనే దాస్తుంది, వందలాది టాస్కుల పట్టికలో అది ఒక తోక మాత్రమే. ఆ పరిమితినీ రామ్‌ఊప్స్ రికార్డు పరిమాణాన్నీ రెండింటినీ పెంచాలి. పాత కెర్నెళ్ళలోనైతే ఆ పట్టిక ముద్రణ పీస్టోర్ రాత ముగిసిన తర్వాత జరిగేది, అంటే ఎంత స్థలం కేటాయించినా అది అందులోకి చేరే ప్రసక్తే లేదు. ఆ క్రమాన్ని 2022లో సరిచేశారు. దీర్ఘకాల మద్దతు ఉన్న పాత కెర్నెల్‌ను వాడుతున్నవారు ముందుగా ఈ ఒక్కటి పరిశీలించుకోవాలి.

దీనితో ముడిపడినదే సమయం లెక్క. సీరియల్ కన్సోల్ 115200 బాడ్‌లో నడుస్తుంటే సెకనుకు దాదాపు 11.5 కిలోబైట్లు మాత్రమే బయటికి వెళతాయి. టాస్కుల పట్టిక 200 కిలోబైట్లు ఉంటే, అది ముద్రితం కావడానికే 17 సెకన్లు దాటుతుంది, ఆ తర్వాతే పీస్టోర్ వంతు వస్తుంది; ప్రీటైమౌట్ 15 సెకన్లయితే రాత మొదలయ్యేలోపే రీసెట్ పడుతుంది. బూట్ వరుసలో సందేశాలు తగ్గించే క్వయట్ అని పెట్టుకున్నా ఫలితం లేదు, పానిక్ సమయంలో కెర్నెల్ కన్సోల్ స్థాయిని తానే పెంచేస్తుంది. అందుకే ఫీల్డ్ ఇమేజ్‌లో సీరియల్ కన్సోల్ తీసేసి, గడువు 90, ప్రీటైమౌట్ 30గా ఉంచాం. ఐ.ఎంఎక్స్6 టైమర్ 128 సెకన్ల వరకు లెక్కించగలదు కాబట్టి ఆ విలువలు దానికి భారం కావు.

ఇంత అమరిక తర్వాత దొరికిన సాక్ష్యం ఒకటి చెప్పాలి. రాత్రిళ్ళు అప్పుడప్పుడు రీసెట్ అవుతున్న ఒక బోర్డు నుంచి వచ్చిన పట్టికలో, వాచ్‌డాగ్‌కు పింగ్ చేసే మా డెమన్ డి స్థితిలో ఉంది. దాని స్టాక్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లోని ఫైల్ సింక్ నుంచి జర్నల్ కమిట్ పూర్తయ్యే వరకు వేచి ఉండే చోట ఆగింది. జర్నల్ థ్రెడ్ ఒక బఫర్ కోసం, ఎంఎంసీ (ఫ్లాష్ నిల్వ) పొరలోని ఒక కెవర్కర్ (కెర్నెల్ నేపథ్య థ్రెడ్) కాష్ ఫ్లష్ ఆదేశం ముగియడం కోసం ఎదురుచూస్తున్నాయి. మెమరీ పుష్కలంగా ఉంది, ఏ కోర్ మీదా భారం లేదు, యంత్రం నిజానికి ఆగలేదు. ఈఎంఎంసీ ఫ్లాష్ చిప్ తన అంతర్గత పనిలో మునిగి జవాబివ్వడం ఆలస్యం చేసింది, పింగ్‌కు ముందు ఫ్లాష్‌లో కాలముద్ర రాసే డెమన్ దానితోపాటు నిలిచిపోయింది. కాలముద్ర ఫైలును టీఎంపీఎఫ్‌ఎస్‌కు (ర్యామ్‌లో ఉండే ఫైల్ సిస్టమ్) మార్చాక ఆ తరహా రీసెట్లు ఆగాయి. ప్రీటైమౌట్ లేకపోతే ఈ కారణాన్ని ఊహించడమే తప్ప రుజువు చేయగలిగేవాళ్ళం కాదు. ఇటువంటి వాటిని పట్టుకోవడానికి కెర్నెల్‌లో హంగ్ టాస్క్ డిటెక్టర్ ఉన్నమాట నిజమే గాని, దాని డిఫాల్ట్ గడువు 120 సెకన్లు. వాచ్‌డాగ్ గడువు అంతకంటే తక్కువైతే అది నోరు తెరిచేలోపే రీసెట్ అయిపోతుంది.

ఇక పరిమితి. ఐ.ఎంఎక్స్6లో ప్రీటైమౌట్ మామూలు ఇంటరప్ట్‌గానే వస్తుంది, మార్చకపోతే మొదటి కోర్‌కే చేరుతుంది. ఆ కోర్ ఇంటరప్ట్‌లు ఆపేసుకుని లూప్‌లో చిక్కుకుంటే హెచ్చరికను వినే దిక్కే ఉండదు. కెర్నెల్‌లో లోపాలను కావాలని కల్పించే ఎల్‌కేడీటీఎమ్‌తో దీనిని కళ్ళారా చూడవచ్చు: డెమన్‌ను ఒక కోర్‌కు కట్టేసి, అదే కోర్ మీద హార్డ్‌లాకప్ (ఇంటరప్ట్‌లు ఆపేసిన లూప్) కల్పిస్తే, అది మొదటి కోర్ అయినప్పుడు మౌనంగా రీసెట్ అవుతుంది, మరొకటి అయినప్పుడు పానిక్ సక్రమంగా వస్తుంది. సాఫ్ట్‌లాకప్‌లో ఇంటరప్ట్‌లు నడుస్తూనే ఉంటాయి కాబట్టి ఏ కోర్ అయినా పట్టుబడుతుంది. ఇంటరప్ట్‌ను పని తక్కువ ఉన్న కోర్‌కు మళ్ళిస్తే అవకాశం కొంత మెరుగుపడుతుంది, అంతే.

సర్వర్లలో పరిస్థితి మెరుగు, ఎందుకంటే ఐపీఎంఐ ప్రీటైమౌట్‌ను ఎన్‌ఎంఐ (ఆపివేయలేని ఇంటరప్ట్) రూపంలో పంపమని కోరవచ్చు, ఇంటరప్ట్‌లు ఆపిన కోర్‌ను కూడా అది తట్టి లేపుతుంది. హెచ్‌పీఈ యంత్రాల హెచ్‌పీడబ్ల్యూడీటీ డ్రైవర్‌దీ ఇదే దారి, అందులో ఎన్‌ఎంఐ గడువుకు 9 సెకన్ల ముందు వస్తుంది. అయితే ఐపీఎంఐ డ్రైవర్ పానిక్ సమయంలో గడువును 255 సెకన్లకు పొడిగిస్తుందని చదివి, కేడంప్‌కు (పానిక్ తర్వాత వేరొక కెర్నెల్‌తో మెమరీని భద్రపరిచే పద్ధతి) కావలసినంత సమయం ఉందని నిశ్చింతగా ఉండకూడదు. ఆ పొడిగింపు పానిక్ నోటిఫయర్‌లో (పానిక్ సమయంలో డ్రైవర్లకు కబురు చేసే ఏర్పాటు) జరుగుతుంది. కేడంప్ కెర్నెల్ లోడ్ అయి ఉంటే నోటిఫయర్లకు ముందే నియంత్రణ దాని చేతికి వెళ్ళిపోతుంది, ప్రత్యేకంగా క్రమం మార్చమని అడిగితే తప్ప. కాబట్టి డంప్ కెర్నెల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ తొలి దశలో వాడే ఫైల్ సిస్టమ్) వాచ్‌డాగ్ డ్రైవర్‌నూ పింగ్ చేసే ప్రోగ్రామ్‌నూ చేర్చాం. అవి లేకపోతే పెద్ద మెమరీ ఉన్న సర్వర్‌లో డంప్ సగంలో ఉండగానే వాచ్‌డాగ్ దాన్ని తెంపేస్తుంది.

ప్రీటైమౌట్ లేని టైమర్ల కోసం 2021లో హెచ్‌ఆర్‌టైమర్ (కెర్నెల్ సొంత టైమర్) ఆధారంగా కెర్నెలే ఆ హెచ్చరికను కల్పించే ఎంపిక వచ్చింది. యూజర్‌స్పేస్ (కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రామ్‌లు) ఆగిన సందర్భాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది, కెర్నెల్ లోతుల్లో చిక్కుకున్నప్పుడు మాత్రం మామూలు ఇంటరప్ట్‌కు ఉన్న బలహీనతే దీనికీ ఉంటుంది.

నాకున్న ప్రధాన అసంతృప్తి గవర్నర్ల గురించి. డి స్థితి టాస్కులను లాగ్‌లో రాసి, పానిక్ చేయకుండా, డెమన్ తేరుకునే అవకాశం మిగిల్చే మూడో గవర్నర్ ఒకటి ఉండవలసింది. ఈఎంఎంసీ ఉదంతంలో సరిగ్గా అదే కావాల్సింది. ప్రస్తుతానికి ప్రతి కొత్త ఇమేజ్ విడుదలకు ముందు డెమన్‌కు సిగ్‌స్టాప్ (ప్రాసెస్‌ను నిలిపేసే సంకేతం) పంపి, 60వ సెకనులో పానిక్ వచ్చిందా, తర్వాతి బూట్‌లో పీస్టోర్ ఫైలులో ఆ డెమన్ పేరు కనబడుతోందా అని చూస్తున్నాం. సిగ్‌స్టాప్‌తో ఆగిన ప్రాసెస్ డి స్థితిలోకి వెళ్ళదు కాబట్టి, ఈ పరీక్షకు మాత్రం పానిక్ ప్రింట్ విలువను 1గా పెట్టుకోవాలి.