అమెజాన్ స్వోర్డ్ అనే నీటి మొక్క అని చెప్పి, కుండీలో పెంచే పీస్ లిల్లీ పంపాడు. ఆన్‌లైన్‌లో చేపల ట్యాంకు మొక్కలు కొనేవాళ్ళు జాగ్రత్త

కోపంలో రాస్తున్నా, ముందే చెప్తున్నా. రేపటిదాకా ఆగితే చల్లబడిపోతాను, చల్లబడితే అసలు రాయను. అందరూ అలా ఊరుకోబట్టే ఆయనగారి వ్యాపారం మూడు రీల్స్, ఆరు పార్సిళ్ళుగా సాగుతోంది.

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. పొడుగాటి స్టీల్ పట్టకారు పట్టుకుని, వెనకాల మెత్తటి ఫ్లూటు పెట్టుకుని, "ఫ్రెష్ స్టాక్ వచ్చేసింది ఫ్రెండ్స్" అంటూ వారం వారం కనిపించే ఆ పెద్దమనిషి సంగతే. ట్యాంకులు పెట్టే తెలుగువాళ్ళలో చాలామంది ఆయన దగ్గర ఒక్కసారైనా కొనే ఉంటారు. కొననివాళ్ళు అదృష్టవంతులు.

సంగతి టూకీగా. మాది రాజమండ్రి. ఇంట్లో రెండడుగుల ట్యాంకు, గప్పీ చేపలు, కొన్ని చెర్రీ రొయ్యలు. నల్ల గడ్డం పాచి పట్టి పాత మొక్కలన్నీ పాడైపోయాయి. అవన్నీ పీకేసి, అడుగున మట్టి మార్చి, పైన ఇసుక పరిచి, ఫిల్టర్ స్పాంజి మాత్రం కదపకుండా ఉంచి, మొత్తం కొత్తగా నాటుదామనుకున్నా. ఆయన దగ్గర కాంబో ప్యాక్ 1,450 రూపాయలు, కొరియర్ చార్జీ వేరే. అమెజాన్ స్వోర్డ్, రెడ్ క్రిప్టో (అదే, క్రిప్టోకోరైన్ మొక్క), అనుబియాస్ నానా, వాలిస్నేరియా, కొంచెం జావా మాస్. "బిగినర్ ఫ్రెండ్లీ" అని పైన స్టిక్కర్ కూడా. బిగినర్లంటే ఆయనకి ఎందుకంత ఫ్రెండ్లీయో ఇప్పుడు అర్థమైంది.

పార్సిల్ బాగానే వచ్చింది, అది ఒప్పుకోవాలి. తడి న్యూస్ పేపర్లో చుట్టి, వేళ్ళకి దూది పెట్టి, పద్ధతిగా పంపాడు. స్వోర్డ్ ఆకులైతే నిగనిగలాడుతున్నాయి, నూనె రాసినట్టు. ఆకు మీద పడ్డ నీటిచుక్క నిలవకుండా జారిపోతోంది. అక్కడే అనుమానం రావాలి నాకు. రాలేదు. వాలిస్నేరియా మంచిదే, మాస్ మంచిదే. అనుబియాస్ అసలుదే గానీ రైజోమ్ (అడ్డంగా పాకే లావు కాండం) ఒక చివర మెత్తబడి ఉంది, కోసేసి మిగతాది రాయికి కట్టా. స్వోర్డ్, క్రిప్టో మట్టిలో నాటా.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. స్వోర్డ్ ఆకుల అంచులు నీరు పట్టినట్టు అద్దంలా పలచబడ్డాయి, మధ్యలో పసుపు తిరిగింది. రెడ్ క్రిప్టో ఆకులు ఒక్కొక్కటీ రాలడం మొదలైంది. మెసేజ్ పెట్టా. జవాబు రెండు నిమిషాల్లో వచ్చేసింది, అది కూడా చెప్పాలి, సర్వీస్ స్పీడ్ బ్రహ్మాండం: "మెల్టింగ్ మేడమ్. నార్మల్. వెయిట్ చేయండి." పక్కన నవ్వు బొమ్మ.

ఇక్కడే ఉంది కిటుకు. మెల్టింగ్ అనేది అబద్ధం కాదు, నిజంగా ఉన్నదే. ఫారాల్లో ఈ మొక్కల్ని చాలావరకు నీళ్ళ బయటే, తేమలో పెంచుతారు. ఆ ఆకులు గాలికి అలవాటు పడ్డవి, నీళ్ళలో ముంచితే పోతాయి. దుంప మొదలు నుంచి పలచటి కొత్త ఆకులు వస్తాయి. క్రిప్టోలైతే మరీ సుకుమారం, నీళ్ళు మారితే చాలు, ఉన్న ఆకులన్నీ వదిలేసి వేళ్ళతో మిగిలి మళ్ళీ చిగురేస్తాయి. ఈ విషయం ట్యాంకు పెట్టే ప్రతివాళ్ళకీ తెలుసు కాబట్టే వాళ్ళ నోరు మూయించడానికి ఇంతకంటే మంచి మాట లేదు. ఏది చచ్చినా "మెల్టింగ్". చివరికి మనం చచ్చినా మెల్టింగ్ అనేలా ఉన్నాడు.

సరే, వెయిట్ చేశా. కొత్త చిగురు ఒక్కటీ రాలేదు. పైగా స్వోర్డ్ కాడ మొదట్లో వేలు పెడితే జిగటగా ఊడి వచ్చింది, చేతికి ఒకటే కుళ్ళు కంపు.

మా పెద్దమ్మగారిది కడియం దగ్గర కడియపులంక. చిన్నప్పట్నుంచీ నర్సరీ మధ్యలో పుట్టి పెరిగిన మనిషి. వీడియో కాల్‌లో ఊరికే మాట్లాడుతూ ట్యాంకు చూపించా, ఏడుపు వెళ్ళబోసుకుందామని.

"ఏమే, పీస్ లిల్లీని నీళ్ళలో ముంచావేంటే?" అంది.

"కాదు పెద్దమ్మా, అది అమెజాన్ స్వోర్డ్."

"ఆమెజానో బీమెజానో నాకు తెలీదు. దగ్గరగా పెట్టు ఫోను... పీస్ లిల్లీయే. మన షెడ్డులో వరసలు వరసలు ఉంది. ఆ పక్కన ఊదాగా ఉన్నది వేలాడే కుండీల్లో వేసేది కదా. దాన్నీ ముంచేశావా? ఎంతకి కొన్నావే?"

ఎంతకో చెప్పలేదు. నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పి పెట్టేశా. రాజమండ్రి నుంచి కడియం ఎంత దూరం? అరగంట పట్టదు. రాష్ట్రాలు దాటి లారీల్లో వెళ్ళే కడియం మొక్కని, ఎక్కడో వేరే ఊరి నుంచి కొరియర్ చార్జీ పెట్టి ఇంటికి తెప్పించుకున్న మహాతల్లిని నేనే. నన్ను సన్మానించాలి అసలు.

అప్పుడు కూర్చుని ఒక్కో ఆకూ పట్టి చూశా. మీరూ చూడండి, చాలా తేలిక. అసలైన అమెజాన్ స్వోర్డ్ ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, పెద్ద ఈనెలు ఆకు మొదట్లో బయల్దేరి వంపు తిరిగి కొసదాకా పోతాయి, మధ్యలో అడ్డగీతలు నిచ్చెన మెట్లలా కలుస్తాయి. పీస్ లిల్లీకి అలా కాదు. నడి ఈనె ఒకటే లావుగా ఉంటుంది, దాని మీంచి పక్క ఈనెలు బోలెడు, సన్నగా, దగ్గరదగ్గరగా అంచు వైపు పోతాయి. కాడ, ఆకు కలిసేచోట చిన్న మోకాలు లాంటి కణుపు కూడా ఉంటుంది. ఇక నాకు పంపిన "రెడ్ క్రిప్టో": క్రిప్టోకి కాండం పైకి రాదు, ఆకులన్నీ మొదట్లోంచే వస్తాయి. నాకొచ్చినదానికి కాండం మీద ఎదురెదురుగా జతలు జతలుగా ఆకులు, పైన ముడతలు, కింద ఊదా. హెమిగ్రాఫిస్. బాల్కనీ మొక్క.

ఫోన్ చేశా. ఇక్కణ్ణుంచే నా బీపీ మొదలు.

మొదట "మెల్టింగ్ మేడమ్" పాటే. కాదండీ, ఇది పీస్ లిల్లీ, ఈనెల ఫొటోలు పంపించా చూడండి అన్నా. కాసేపు చడీచప్పుడు లేదు. తర్వాత "దీన్ని బ్రెజిల్ స్వోర్డ్ అంటారు మేడమ్, అదీ స్వోర్డే" అన్నాడు. ఆ పేరుతో పీస్ లిల్లీని ట్యాంకు మొక్కగా అమ్మడం ఎప్పట్నుంచో ఉన్న మాయ అని నాకు తెలుసు. కానీ నేను కొన్నది బ్రెజిల్ స్వోర్డ్ కాదు, నీ లిస్టులో అమెజాన్ స్వోర్డ్ అని రాసి ఉంది, స్క్రీన్‌షాట్ ఉంది అన్నా. దానికి ఏమన్నాడో తెలుసా?

"పీస్ లిల్లీ కూడా నీళ్ళలో బతుకుతుంది కదా మేడమ్. ఎంతమంది గాజు సీసాలో పెట్టుకోవట్లేదు?"

సీసాలో వేళ్ళు నీళ్ళలో ఉంటాయి, ఆకులు గాల్లో ఉంటాయి నాయనా. నిలువునా ముంచితే ఊపిరాడదు. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కదిలేది గాల్లో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మది. నీటి మొక్క పలచటి ఆకుతో దాన్ని పట్టుకుంటుంది. మైనం పూత ఉన్న నేల మొక్క ఆకు పట్టుకోలేదు. ఉన్న నిల్వ మీద కొన్నాళ్ళు పచ్చగా నిలబడి, తర్వాత కుళ్ళుతుంది. ఇదంతా చెప్పా. గొంతు పెంచకుండా చెప్పా, ఒట్టు.

"మేడమ్, ఇంట్లో సార్ ఉన్నారా? ఫోన్ ఆయనకివ్వండి, ట్యాంకు విషయాలు ఆయనకి చెప్తా."

మళ్ళీ చదవండి. నేను ఈనెల గురించి మాట్లాడుతుంటే, ఆయనకి మా ఆయన కావాలి. మా ఆయనకి ట్యాంకులో లైటు స్విచ్ ఎక్కడుందో తెలీదండీ! పక్కనే సోఫాలో కూర్చుని "ఏమైందే" అంటున్నాడు. డబ్బు పంపినప్పుడు నా ఫోన్ నుంచి నా ఖాతాలోంచే వెళ్ళింది. అప్పుడు "థాంక్యూ మేడమ్, సార్ చేత పంపించండి" అనలేదే? పైసలకి మేడమ్ చాలు, జవాబుకి మాత్రం సార్ కావాలి.

నేను "నాతోనే మాట్లాడండి, డబ్బులు తిరిగివ్వండి" అంటే చివరి అస్త్రం తీశాడు. "రిపోర్ట్ 24 గంటల్లోపు చేయాలి మేడమ్, అన్‌బాక్సింగ్ వీడియోతో. పాలసీలో ఉంది." నా దగ్గర వీడియో ఉంది. ప్యాకింగ్ కత్తిరించడం దగ్గర్నుంచి చివరి వేరు దాకా. పంపిస్తే, అందులో మొక్కలు ఫ్రెష్‌గా ఉన్నాయి కదా మేడమ్ అన్నాడు. అవును మరి! ఉంటాయి. నేల మొక్క కదా, అప్పుడే బయట నుంచి వచ్చింది, ఫ్రెష్‌గానే ఉంటుంది. ముంచాక కుళ్ళడానికి వారాలు పడుతుంది. అంటే ఆ 24 గంటల గ్యారంటీ లోపల ఈ మోసం ఎప్పటికీ బయటపడదు. అది తెలిసే పెట్టిన గ్యారంటీ. పార్సిల్లో చచ్చినదానికి డబ్బు వాపసు ఇస్తాడట. చావనివాటిని చంపే పని మనకి వదిలేస్తాడన్నమాట.

ఫోన్ పెట్టేశాడు. వాట్సాప్‌లో బ్లాక్. రీల్ కింద నేను మర్యాదగా పెట్టిన కామెంట్ మాయం. ఆ రీల్‌లో చూస్తే వెనకాల ట్రేలో అవే మొక్కలు, పీస్ లిల్లీకి పూసే పడగలాంటి తెల్ల పువ్వు ఒకటి కూడా విచ్చుకుని ఉంది. పీస్ లిల్లీ పువ్వుతో అమెజాన్ స్వోర్డ్! పువ్వు తీసేయాలన్న శ్రద్ధ కూడా లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. కుళ్ళిన కాడల వల్ల ట్యాంకులో అమ్మోనియా లేచింది. టెస్టు కిట్‌లో పసుపు రావాల్సిన చోట ఆకుపచ్చ. చిన్న ట్యాంకు, అప్పుడే మట్టి మార్చింది, దానికి తోడు మన ఎండలు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది. ముందు చెర్రీ రొయ్యలు పోయాయి, తర్వాత గప్పీలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ నిలబడ్డాయి. నీళ్ళు మార్చి మార్చి నా నడుం పోయింది. కొన్ని బతికాయి. పెద్ద తోక నీలం మగది బతకలేదు.

ఇంకోటి మర్చిపోయా, మాస్‌లో తూనీగ పిల్ల ఒకటి వచ్చింది. ఏ చెరువులోనో పీకిన సరుకేమో. పట్టకారుతో తీసి పారేశా. లేకపోతే మిగిలిన గప్పీ పిల్లల్ని అదే తినేసేది. నత్తల గురించి చెప్పను, నత్తలు ఫ్రీ అనుకోండి.

1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేశా, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఇచ్చారు. స్క్రీన్‌షాట్లు, వీడియో, పేమెంట్ వివరాలు అన్నీ పెట్టా. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఆన్‌లైన్‌లో కొన్నవాటికీ వర్తిస్తుంది, ఇన్‌స్టాలో అమ్మినా సరే. 1,450కి ఇంత గొడవా అని మా ఆయన. "సార్‌కి ఫోనివ్వండి" అన్న మాట ఖరీదు కూడా కలిపి లెక్కేసుకోమన్నా.

మీకు సలహా అంటే ఏముంది, డబ్బు పంపకముందే ఆకు ఈనెలు కనిపించేలా దగ్గర ఫొటో అడగండి, ఇవ్వనంటే కొనకండి. పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా మెసేజ్‌లో రాయించుకోండి, రేపు మాట మార్చలేడు. వీలైతే టిష్యూ కల్చర్ కప్పులు (ల్యాబులో జెల్లీలో పెంచిన మొక్కలు) కొనండి. రేటు ఎక్కువే గానీ నత్తలు, తూనీగలు రావు, ఆ జెల్లీ కడిగేసి నాటడమే. వచ్చిన మొక్కని ముందు ఒక బకెట్లో విడిగా ఉంచండి. ఇంట్లో ఉన్న పీస్ లిల్లీ ఆకు ఒకటి పక్కన పెట్టి పోల్చి చూసినా సరిపోతుంది. లేనివాళ్ళు మా పెద్దమ్మకి వీడియో కాల్ చేయండి, ఫ్రీగా తిడుతుంది.

ఆయన దగ్గర కాంబో కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే స్క్రీన్‌షాట్లు నాకు మెసేజ్ చేయండి, కంప్లయింట్‌కి జత చేస్తా. అలాగే రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వైపు ఎవరి ట్యాంకులోనైనా అసలైన అమెజాన్ స్వోర్డ్ పిల్లలు ఉంటే చెప్పండి. కొరియర్ వద్దు, డబ్బా పట్టుకుని నేనే వస్తా. ఈనెలు చూసే తీసుకుంటా, ఏమీ అనుకోవద్దు.