కైఓఎస్ ఏపీఐలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

వెబ్ పేజీలు రాయడం వచ్చినవాళ్లు మీటల ఫోన్లలో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ కైఓఎస్‌కి యాప్ రాయడం వారాంతంలో అయిపోయే పని అనుకుంటారు. జావాస్క్రిప్ట్ వరకైతే నిజమే. ఈ సిస్టమ్‌లో డయలర్, సెట్టింగ్స్ కూడా హెచ్‌టీఎంఎల్‌తో రాసినవే. అసలు నేర్చుకోవాల్సింది ఫోన్‌తో మాట్లాడే ఏపీఐలు, అంటే కెమెరా, అలారం లాంటివాటిని యాప్ వాడుకోవడానికి సిస్టమ్ ఇచ్చే ఆదేశాలు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2011లో మొదలుపెట్టిన బూట్ టు గెక్కో ప్రాజెక్టు కాస్తా ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అయింది. ఆ కోడ్‌లోంచే కైఓఎస్ వచ్చింది కాబట్టి 2.5 వెర్షన్ ఏపీఐలు చాలావాటికి ఇప్పటికీ ‘మోజ్’ అనే ఇంటిపేరే ఉంది.

నాకు బాగా నచ్చింది మోజ్‌యాక్టివిటీ. ఫొటో కావాలంటే ‘పిక్’ అని అడిగితే చాలు, గ్యాలరీయో కెమెరాయో తెరుచుకుని ఫొటోని మన చేతికిస్తుంది. మనం కెమెరా కోడ్ ఒక్క లైనూ రాయక్కర్లేదు. అలారం ఏపీఐ కూడా అంతే హాయి. యాప్ మూసేసినా టైముకి సిస్టమే దాన్ని లేపుతుంది. కాకపోతే మానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు రాసే ఫైలు) అనుమతితో పాటు ‘మెసేజెస్’ కింద అలారం అని కూడా రాయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఈ రెండోదే.

ఇక డామ్‌రిక్వెస్ట్, అంటే పాత ఏపీఐలు జవాబు అందించే పద్ధతి. పాత ఏపీఐల్లో చాలావరకు ప్రామిస్ (తర్వాత వచ్చే జవాబుకి జావాస్క్రిప్ట్‌లో ఉన్న కొత్త రూపం) ఇవ్వవు, ఆన్‌సక్సెస్, ఆన్‌ఎర్రర్ అని రెండు దారులు చూపిస్తాయి. మెమరీ కార్డులో ఫైళ్లు చదువుతుంటే ఒక్కో ఫైలు అందిన ప్రతిసారీ ‘కంటిన్యూ’ అని పిలవాలి. పిలవకపోతే ఎర్రర్ కూడా రాదు, మొదటి ఫైలు దగ్గరే నిలబడిపోతుంది. పైగా 2.5 లోపల ఉన్నది ఫైర్‌ఫాక్స్ పాత ఇంజిన్ గెక్కో 48. జవాబు వచ్చేదాకా ఆగేలా తేలిగ్గా రాసే అసింక్ అవెయిట్ లేదు, పేజీని గళ్లుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ లేదు. అందుకే ప్రతి డామ్‌రిక్వెస్ట్‌నీ ప్రామిస్‌లో చుట్టే చిన్న ఫంక్షన్ ఒకటి రాసిపెట్టుకున్నాను, ఏ ప్రాజెక్టు మొదలుపెట్టినా ముందు అదే అతికిస్తాను.

అనుమతుల్లో మూడు మెట్లున్నాయి. మామూలు వెబ్ యాప్, ప్రివిలేజ్డ్, సర్టిఫైడ్. వేరే సర్వర్ నుంచి సీఓఆర్ఎస్ (వేరే సైట్ల డేటా విషయంలో బ్రౌజర్ పాటించే నియమాలు) గొడవ లేకుండా డేటా తెచ్చుకోవాలంటే ప్రివిలేజ్డ్ చాలు. కాల్స్ చేసే టెలిఫోనీ ఏపీఐ మాత్రం సర్టిఫైడ్ వాళ్లకే, అంటే ఫోన్‌తో పాటు వచ్చే యాప్‌లకే. బయటివాళ్లం దాని గురించి చదివి టైం వృథా చేసుకోనక్కర్లేదు.

టచ్ లేని ఫోన్లు కాబట్టి 240x320 తెర మీద ఫోకస్ ఎక్కడుందో మనమే చూసుకోవాలి. సాఫ్ట్‌లెఫ్ట్, సాఫ్ట్‌రైట్ మీటలు కీడౌన్‌లోనే (మీట నొక్కితే వచ్చే మామూలు ఈవెంట్) అందుతాయి, అక్కడ కష్టమేం లేదు. డీబగ్గింగే, అంటే తప్పులు వెతకడమే విసుగు: ఫోన్‌లోని యాప్‌ని కంప్యూటర్ నుంచి పరీక్షించే వెబ్‌ఐడీఈ కొత్త ఫైర్‌ఫాక్స్‌లో లేదు, అందుకని 59 లాంటి పాత వెర్షన్ పక్కన ఉంచుకోవాల్సిందే.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ముందు చేతిలో ఉన్న ఫోన్ వెర్షన్ చూసుకోండి. 3.0లో చాలా ఏపీఐలు నావిగేటర్.బీ2జీ అనే పేరు కిందికి మారాయి, మానిఫెస్ట్ ఫైలు పేరూ మారింది. 2.5 కోసం రాసింది అక్కడ అలాగే నడవదు.