బార్డ్స్‌టౌన్‌లో బస దండగ, లారెన్స్‌బర్గ్‌లో గోదాము పండగ

అమెరికాలోని కెంటకీలో బోర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే విస్కీ) డిస్టిలరీలు చూడ్డానికి వెళ్లి బార్డ్స్‌టౌన్‌లో రాత్రికి ఉండాలనుకునేవాళ్లు ఒక పని చెయ్యండి. రూమ్ బుక్ చేసే ముందే ఫోన్ చేసి, చెకౌట్ రోజు కట్టాల్సిన మొత్తం ఎంతో అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. మేం దిగిన పాతకాలం ఇంటి లాడ్జి రేటు రాత్రికి 189 డాలర్లు అని చూపించింది. రెండు రూములు తీసుకున్నాం. పొద్దున బిల్లు చేతికొచ్చేసరికి ఒక్కో రూముకీ 'హెరిటేజ్ ఫీజు' 35, పార్కింగ్ 15 అదనంగా చేరాయి. మొత్తం 478 డాలర్లు, ట్యాక్సులు వేరే. ఫీజు దేనికని అడిగితే కౌంటర్‌లో ఉన్నావిడ తలెత్తకుండా "అది మా పాలసీ" అంది. ముందు చెప్పలేదు కదా అంటే ప్రింటవుట్ మన వైపు తోసింది, అంతే.

సాయంత్రం ఉచితంగా బోర్బన్ టేస్టింగ్ అని రాశారు. ప్లాస్టిక్ కప్పు అడుగున రెండు చెంచాలు పోసిచ్చారు. ఇది ఏ సీసాలోది అని అడిగితే పోసిన కుర్రాడికే తెలియదు. 'ప్రపంచ బోర్బన్ రాజధాని' అని చెప్పుకునే ఊళ్లో, బోర్బన్ పేరు చెప్పి డబ్బు తీసుకునే చోట పరిస్థితి ఇదీ. కిటికీకి బిగించిన ఏసీ రాత్రంతా మోగుతూనే ఉంది. అక్కకి కంటి మీద కునుకు లేదు. బావగారు గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, బిల్లు రెండుసార్లు కూడి చూసి, "ట్యాక్సులు కాకుండానే నలభై వేలయ్యా" అని కారెక్కారు. లారెన్స్‌బర్గ్ దాకా మరో మాట లేదు.

అంతకు ముందు రోజు సిన్సినాటి నుంచి డ్రైవు, లొరెట్టోలో మేకర్స్ మార్క్ డిస్టిలరీ టూర్ సాఫీగానే అయిపోయాయి. సీసా మూతిని ఎర్ర మైనంలో మన చేత్తో ముంచుకోవడం అక్కకి బాగా నచ్చింది.

అసలు యాత్ర లారెన్స్‌బర్గ్‌లోని వైల్డ్ టర్కీలో మొదలైంది. బార్డ్స్‌టౌన్ నుంచి గంటలోపు దారి. కెంటకీ నది పైన గుట్ట మీద ఉంటుంది డిస్టిలరీ. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని తీసుకెళ్తే పాస్‌పోర్టులు చేతిలో ఉంచుకోండి. తల నెరిసినవాళ్లనీ వయసు రుజువు అడుగుతారు.

పులియబెట్టే తొట్ల దగ్గర పాత మాష్ (నీళ్లలో ఉడికించిన ధాన్యం పిండి) కొంత తీసి కొత్తదాంట్లో కలుపుతామని గైడు చెప్పగానే, "మనం పాలకి తోడు పెట్టినట్టేగా" అంది మా ఆవిడ. సగం నిజమే. కలిపేది స్పిరిట్ తీసేశాక మిగిలిన పుల్లటి నీళ్లు. దాంట్లో బతికున్న ఈస్ట్ ఉండదు. ఆ పులుపు వల్ల చెడ్డ బ్యాక్టీరియా పెరగదు, ఈస్ట్‌కి పని తేలికవుతుంది, బ్యాచ్ బ్యాచ్‌కీ రుచి మారకుండా ఉంటుంది. సోర్ మాష్ అంటే ఇదే.

తర్వాత గోదాములోకి తీసుకెళ్లారు. అక్కడ వాళ్లు రిక్‌హౌస్ అంటారు. దానికోసమైనా ఇక్కడికి రావాలి. బయటి గోడలు, పక్కన చెట్ల బెరడు మసి పట్టినట్టు నల్లగా ఉన్నాయి. పీపాల్లోంచి ఆవిరైపోయే ఆల్కహాల్ తగిలిన చోటల్లా పెరిగే బూజు అది, పేరు బాడోయినియా. లోపల ఏసీ లేదు, హీటర్ లేదు. చెక్క చట్రాల మీద అంతస్తులు అంతస్తులుగా పీపాలు, కిటికీల్లోంచి వచ్చే వెలుగు తప్ప చీకటి. ఓ పీపా పలకల మధ్య నుంచి కారి గట్టిపడిన నల్లటి చార కనిపించింది. వేలు పెడితే జిగురుగా తగిలింది, వాసన చూస్తే మాడిన పంచదార, తడి చెక్క. వేసవిలో విస్కీ వ్యాకోచించి కాలిన చెక్కలోకి దిగుతుంది, చలికాలం వెనక్కి వస్తుంది. పై అంతస్తుల్లో వేడెక్కువ కాబట్టి అక్కడ పీపాలు త్వరగా ముదురుతాయి, కింద నెమ్మది. ఏ పీపా ఎక్కడుందన్నది రుచిలో తెలుస్తుంది.

బావగారి మౌనం అక్కడే వీడింది. "రంగు కోసం ఏం కలుపుతారు?" అని అడిగారు. ఏమీ కలపరు. బోర్బన్‌లో రంగు గానీ రుచి గానీ కలపడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో పెట్టాలి, పీపాలోకి పోసేటప్పుడు 62.5 శాతం ఆల్కహాల్ మించకూడదు. బోర్బన్ అమెరికాకే ప్రత్యేకమైన సరుకని 1964లో కాంగ్రెస్ తీర్మానం చేసింది. మన దగ్గర చవక విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ స్పిరిట్, రంగు క్యారమెల్‌ది. ఆ తేడా విన్నాక బావగారు గైడుని వదల్లేదు.

ఇక్కడి జిమ్మీ రస్సెల్ 1954లో ఉద్యోగంలో చేరి, దశాబ్దాల పాటు మాస్టర్ డిస్టిలర్‌గా, అంటే విస్కీ తయారీకి పెద్దగా ఉన్నారు. కొడుకు ఎడీ 1981లో వచ్చి చేరారు. జనం వోడ్కా వైపు, పలచటి విస్కీల వైపు మళ్లిన రోజుల్లో కూడా తన పద్ధతి మార్చలేదని జిమ్మీకి పేరు. పీపాలు బాగా లోతుగా కాల్చిన నాలుగో నంబరువి. పీపాలోకి స్పిరిట్ పోసేది చట్టం ఇచ్చిన హద్దు కన్నా తక్కువ బలంతో. అలా చేస్తే పీపాలు ఎక్కువ కావాలి, ఖర్చు పెరుగుతుంది. కానీ సీసాలోకి పంపేటప్పుడు నీళ్లు తక్కువ పడతాయి, చెక్క ఇచ్చిన రుచి పలచబడదు. నాకు వీళ్ల మీద గౌరవం కలిగింది ఇందుకే.

ఆ పట్టుదల వాళ్ల వైల్డ్ టర్కీ 101 గ్లాసులో తెలుస్తుంది. 101 ప్రూఫ్, అంటే 50.5 శాతం ఆల్కహాల్. ముక్కు గ్లాసులో పెట్టి గట్టిగా పీల్చకండి, ఘాటు తప్ప ఏదీ అందదు. నోరు కొంచెం తెరిచి, గ్లాసు గడ్డం దగ్గర ఉంచి మెల్లగా చూడండి. ముందు వెనీలా, మాడు పట్టిన పంచదార పాకం, ఆ వెనక నారింజ తొక్క. మొదటి గుక్క నాలుక మీద తియ్యగా పరుచుకుని, రెండు క్షణాల్లో దాల్చినచెక్క, మిరియాల కారంగా తిరుగుతుంది. ఆ కారం చాలావరకు రై ధాన్యానిది. మింగాక ఛాతీలో వెచ్చదనం చాలాసేపు ఉంటుంది, చివర్లో కాలిన చెక్క చేదు కొంచెం. నాలుగు చుక్కల నీళ్లు వేస్తే కారం తగ్గి పాకం పైకొస్తుంది, నాకు అదే ఇష్టం. బావగారు నీళ్లొద్దన్నారు. ముందురోజు తాగిన మేకర్స్ మార్క్‌లో రై బదులు గోధుమ వేస్తారు, అందుకే మెత్తగా ఉంటుంది. మొదటిసారి తాగేవాళ్లకి అది బాగుంటుంది, కానీ దీని పక్కన పెడితే నాకు చప్పగా తోచింది.

ఊళ్లో మధ్యాహ్నం బర్గూ తిన్నాం, మాంసం, మొక్కజొన్న, బీన్స్ కలిపి గంటల తరబడి ఉడికించే కూర. గిన్నె 9 డాలర్లు, మిరియాలు బాగా పడ్డాయి, బావగారు రెండోది తెప్పించుకున్నారు.

కెంటకీలోనే ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో బఫెలో ట్రేస్ డిస్టిలరీ టూర్ ఉచితం. స్లాట్లు త్వరగా అయిపోతాయి, ముందే పట్టుకోండి. మద్యనిషేధం రోజుల్లో మందుల పేరుతో విస్కీ సీసాలకి ఎక్కించే లైసెన్సు దక్కిన అతి కొద్ది చోట్లలో ఇదొకటి, 2013లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. పైసా తీసుకోకుండా అంత ఓపిగ్గా చెప్పే గైడుని చూశాక, ముందు రాత్రి కట్టిన హెరిటేజ్ ఫీజు మళ్లీ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఇంకో హెచ్చరిక. టూరిస్టులు తిరిగే వీధిలో ఒక షాపు వాడు గుర్రం బొమ్మ బిరడా ఉన్న బ్లాంటన్స్ బోర్బన్ సీసాకి 180 డాలర్లు చెప్పాడు, మామూలు ధరకి రెండింతలకి పైనే. కొనకండి. అక్కడికి పది నిమిషాల్లో సూపర్‌మార్కెట్ పక్కన లిక్కర్ షాపులో వైల్డ్ టర్కీ 101 సీసా 27 డాలర్లకి తీసుకున్నాం.

బావగారు రెండు 750 మి.లీ. సీసాలు పట్టుకెళ్తున్నారు. చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టాలి, ఇండియాలో మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు. టవల్ చుట్టి బట్టల మధ్యలో సర్దింది అక్క. వచ్చేసారి మళ్లీ ఇటే వస్తాం, బస మాత్రం లెక్సింగ్టన్‌లో, మామూలు హైవే హోటల్లో.